ఆముదం రాసిన పెసలు

ఆయన పేరు సమాధానం. పెళ్ళయిన నాటి నుంచి భార్య రెబెక్కమ్మ అడిగిన ఏ ప్రశ్నకూ ఆయన దగ్గర అది దొరికిన పాపాన పోలేదు. కోట అనే ఊరి పక్కనున్న పల్లెలో చిన్న ఆసుపత్రికి ఆయన కాంపౌండరు. డాక్టరు ఎప్పుడో గానీ రాడు కాబట్టి ఊరి జ్వరాలకూ దగ్గులకూ ఈయనే దిక్కు.

కూతురు ప్రేమలీల నెల్లూరులో పి.యు.సి. ఫస్టు క్లాసులో పాసయిందని తెలిసిన రోజు, వచ్చిన రోగులందరికీ మిక్స్చరులో తీపి కాస్త ఎక్కువ కలిపాడు. ఇక కూతురు డాక్టరు. తాను డాక్టరమ్మగారి నాయన.

ఆ సాయంత్రమే ప్రేమలీల మెల్లగా చెప్పింది. "నేను డాక్టరు చదవను నాయనా. బాపట్లలో వ్యవసాయం చదువుతా."

కాఫీ లోటా సమాధానం పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"వ్యవసాయం చదివేదేందే! మళ్ళోకి దిగి వంగితే అదే వస్తాది గదా!"

"పైరుకు తెగులు ఎందుకొస్తాదో, గింజలో పురుగెట్లా పుడతాదో, తిండి చెడిపోకుండా ఎట్లా దాచాల్నో అన్నీ నేర్పిస్తారంట. ఇప్పుడు పురుగులు తినంగా మిగిలింది గదా మనం తింటా ఉండేది."

"పురుగుల్ని చూసేదానికి బాపట్ల దాకా ఎందుకు? మీ అమ్మ పెసల కుండ తెరిస్తే చాలదా?"

వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది. "నా కుండ జోలికి రావద్దు. ఆ పెసలతోనే అట్లు పోస్తే లొట్టలేసుకోని తిన్నదెవురు?" అంది రెబెక్కమ్మ.

సమాధానం కాఫీ గటగటా తాగేశాడు.

ప్రేమలీల ఆ మాటే పట్టుకుంది. "సరే నాయనా, ఈ ఏడు పెసలు నేను దాస్తా. కాలేజీలో చేరే రోజులకు తెరిచి చూద్దాం. పుచ్చిపోయి ఉంటే నువ్వు చెప్పిన చదువే చదువుతా. బాగుంటే బాపట్ల."

ఏటా పుచ్చే పెసలు ఈ ఏడు మాత్రం ఎందుకు పుచ్చవని సమాధానం ఒప్పేసుకున్నాడు. ప్రేమలీల పెసల్ని గలగలలాడేట్టు ఎండబెట్టింది. కాస్త ఆముదం తీసుకుని గింజ గింజకూ పట్టించింది.

"పెసలకు తలంటు పోస్తా ఉండావా? కుంకుడుకాయలు కూడా కొట్టమంటావా?" అని పగలబడి నవ్వాడు సమాధానం.

ప్రేమలీల నవ్వకుండా పెసలు కుండలో పోసి మూత బిగించింది. ఆ పిల్ల పట్టుకున్నది వదిలే రకం కాదు. మేనత్తల పోలిక. ఊరికే కూర్చుంటే లాభం లేదనుకుని, ఖాళీ మందు సీసాలు రెండు జేబులో వేసుకుని రమణయ్య అంగడికి పోయాడు.

"రమణయ్యన్నా, నీ దగ్గర పుచ్చు పెసలుంటే కాసిన్ని పురుగులు కావాల."

రమణయ్య త్రాసు కింద పెట్టేశాడు. "ఏందీ? పురుగులుండాయని ఊరంతా నాతో కొట్లాడతా ఉంటే, నువ్వు కావాలని వచ్చినావా? తీసుకోపో సామీ! రోజూ రా!"

రెండు సీసాల నిండా పురుగులు పట్టాడు సమాధానం. ఆదివారం ఆడవాళ్ళు ఏసయ్య గుడికి పోగానే, తలనొప్పని ఇంట్లో ఉండిపోయి, ఒక సీసా కుండలో బోర్లించాడు. రెండోది, అవసరానికి ఉంటుందని, ఆసుపత్రిలో దాచాడు. దాచడమంటే బల్ల మీద మందు సీసాల మధ్యన పెట్టడం. ఆయన తెలివి అంతవరకే పనిచేసింది.

మర్నాడు ఆసుపత్రిలో ఎవరి కాలికో కట్టు కడుతూ, దగ్గుతో వచ్చిన కామమ్మకు తల తిప్పకుండానే చెప్పాడు. "ఆ బల్ల మీద సీసా తీసుకోపో అవ్వా. అన్నం తినినాక ఒక మూత తాగు."

పొద్దుగూకేసరికి కామమ్మ సీసా పట్టుకుని ఇంటికే వచ్చింది.

"కాంపౌండరయ్యా! నీ మందు నడస్తా ఉండాదయ్యా! మూతలో పోస్తే మూతి మీదికి ఎక్కతా ఉండాది!"

రెబెక్కమ్మ సీసా అందుకుని వెలుగుకు ఎత్తి చూసింది. "ఇది ఏ జబ్బుకు?"

"అది... కొత్త మందులే."

"మింగాల్నా, తోలుకోని పోవాల్నా?"

సమాధానం పైకప్పు వంక చూశాడు. రెబెక్కమ్మ కామమ్మకు మిరియాల కషాయం కాచి ఇచ్చి పంపింది. సీసాను తీసుకుని లోపలికి పోయింది. ఇక ఆ సంగతే ఎత్తలేదు. అరిచి ఉంటే ఆయన హాయిగా నిద్రపోయేవాడు. అరవకపోయేసరికి అన్నం సయించలేదు.

కుండ తెరిచే రోజు రమణయ్యనూ కామమ్మనూ సాక్షులుగా పిలిచింది రెబెక్కమ్మ. ప్రేమలీల మూత తీసి పెసలు చాటలోకి పోసింది. గింజలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. మధ్యలో నల్లగా ఎండిపోయిన పురుగులు, కాళ్ళు పైకెత్తుకుని.

"అన్నీ చచ్చినాయా?" అన్నాడు సమాధానం ఆత్రంగా.

"అన్నీ అంటే ఎన్ని నాయనా?"

అప్పుడు గానీ ఆయనకు తన నోరు జారిన సంగతి తెలియలేదు. రమణయ్య అటు తిరిగి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

రెబెక్కమ్మ ఇంకో కుండ తెచ్చి పక్కన చాటలో కుమ్మరించింది. ఆముదం రాయని పెసలవి. గింజకో చిల్లి, చిల్లికో పురుగు. కామమ్మ గుర్తుపట్టి, "నా మందు!" అని కేకేసింది.

"మీ కొత్త మందు దీంట్లో పోసినా," అంది రెబెక్కమ్మ. "పోయకపోతే, అవి ఆముదానికి చచ్చినాయా, వయసైపోయి చచ్చినాయా అని రేపు మీరే అడుగుతారని."

సమాధానం అరుగు మీద కూలబడ్డాడు. నవ్వులన్నీ అయ్యాక కూతురి వైపు తిరిగాడు.

"మా నాయన ఒకరి మడిలో వంగి వంగి నడుం ఎత్తలేక పోయినాడే అమ్మా. ఆ బురద నా కాళ్ళకు అంటకూడదనే నన్ను బడికి పంపించినాడు. నువ్వు మళ్ళా దాంట్లోకే దిగతానంటే నాకు భయమేసింది. అంతే."

ప్రేమలీల వచ్చి పక్కన కూర్చుంది.

"తాత ఒకరు దిగమంటే దిగినాడు నాయనా. నేను పైరుకేం కావాల్నో తెలుసుకోని, నా అంతట నేను దిగతా. ఇంత పంట పురుగుల పాలు కాకపోతే తాతలాంటోళ్ళ ఇండ్లలో ఇంకోపూట కుండ పొంగదా?"

సమాధానం కళ్ళు తుడుచుకుని, మంచి పెసలు గుప్పెడు తీసుకుని వాసన చూశాడు. "ఆముదం వాసన వస్తాదేమో అట్లు?"

"కడిగి పోస్తాలెండి," అంది రెబెక్కమ్మ.

కూతుర్ని చేర్చడానికి ముగ్గురూ గూడూరులో రైలెక్కారు. ఎదురు బెంచీ పెద్దమనిషి, అమ్మాయి ఏం చదువుతోందని అడిగాడు. సమాధానం కండువా సర్దుకుని మొదలుపెట్టాడు. ఎండబెట్టడం, ఆముదం, రెండు కుండలు, చచ్చిన పురుగులు, బతికిన పురుగులు, అన్నీ వర్ణించాడు. కావలి దాటినా ఆపలేదు.

పెద్దమనిషి ముక్కున వేలేసుకున్నాడు. "ఇంత పరీక్ష ఈ పిల్ల ఒక్కతే చేసిందా?"

"ఒక్కతే ఎట్లా చేస్తాదండీ?" అన్నాడు సమాధానం, భార్య వైపు చూడకుండా. "పురుగుల పనంతా నేనే చూసుకున్నా."

రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఒంగోలు వచ్చేదాకా ఆమె భుజాలు ఊగుతూనే ఉన్నాయి.