గలగలమనని నడక

మలావీ దేశం నిశ్శబ్దంలో ప్రపంచానికి దారి చూపిందంటే ఆ ఘనత మా ఆరోగ్య కేంద్రం గోప్యతా అధికారి కఫైజీ గారిదే.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇక్కడ మూడు మందులు కలిపిన మాత్రలు సీసాలో ఇస్తారు. రోజూ ఒకే వేళకు ఒకటి వేసుకుంటే మనిషి నిక్షేపంగా ఉంటాడు. చిక్కల్లా సీసాతోనే. అడుగు వేస్తే గలగలమంటుంది. మినీబస్సులో ఆ చప్పుడు వినపడగానే జనమంతా మర్యాదగా కిటికీలోంచి మేకల్ని చూస్తారు. (మా దారిలో మేకలు లేవు.)

ఇది గోప్యతకు భంగమని కఫైజీ గారు కనిపెట్టి, మాత్రలు గుడ్డలో మూటకట్టుకోవాలని ఉత్తర్వు వేశారు.

నర్సు తమందాని నెత్తి కొట్టుకుంది. "చెమ్మ తగిలితే మందు పాడవుతుంది సార్! సీసాలోనే ఉండాలి. మూత బిగించి, లోపల చెమ్మ పీల్చే పొట్లం తీయకుండా!"

ఆమె భయం ఊరికే పుట్టలేదు. గలగల మొగుడు వింటాడని మా ఊరి జియోనే తన మాత్రలు పిండికుండలో, గుడ్డలో చుట్టి దాచింది. అవి మెత్తబడి పొడైపోయాయి, రక్తంలో వైరస్ పెరిగింది. "ఇంకోసారి ఇలా చేస్తే ఈ మందు నీకు పనిచేయకుండా పోతుందమ్మా" అని నర్సు చెవిలో చెప్పింది. (ఇప్పుడు జియోనేనే అందరికీ చెబుతోంది, అందుకే రాస్తున్నాను.)

కఫైజీ గారు మొండివారు కారు. సీసా మారకూడదంటే మనిషే మారాలని తేల్చారు. కుదుపు లేని నడక శిక్షణ మొదలైంది. సీసా చంకలో పెట్టుకుని, మోకాళ్లు వంచి, వరసలో అందరూ చూస్తుండగా ఆయన చెవి పక్కనుంచి జారుకుంటూ పోవాలి. గలగలమంటే మళ్లీ మొదటికి. నెల తిరిగేసరికి సంతలో ఆ నడక చూసి ఎవరు మాత్రలవాళ్లో పిల్లలు కూడా చెప్పేస్తున్నారు. (నేను రెండో ప్రయత్నంలో పాసయ్యాను.)

ఒకరోజు వరసలో జియోనే ముందున్నాయన పిల్లిలా జారిపోయాడు. కఫైజీ గారు చప్పట్లు కొట్టారు. జారిపోయినాయన వెనక్కి తిరిగాడు. తీరా చూస్తే ఆమె మొగుడు ఫనిజో.

"నువ్వా? చేపలు కొనడానికి వెళ్లావుగా?"

"నువ్వు మీ అక్క దగ్గరికి పోయావుగా?"

జియోనే అతని చంకలోని సీసా వంక చూసింది.

"నీదెక్కడ దాస్తున్నావయ్యా?"

"కోళ్లగూట్లో."

"అందుకా గుడ్లు నువ్వే తీస్తానంటావు!"

"అందుకా నన్ను పిండికుండ ముట్టుకోనివ్వవు!"

జియోనే నవ్వింది, అంతలోనే ఏడ్చింది. "ఇక దాచుడు వద్దు. రెండూ అలమరలో పెడదాం, పొడిగా ఉంటాయి. నీది నీకు, నాది నాకు. వేళ దాటితే తిట్టుకోవాలి."

"తిట్టడం నీకొకరు నేర్పాలా?"

ఇద్దరూ ఒకే సైకిలు మీద, దారి పొడుగునా గలగలమంటూ వెళ్లిపోయారు. తర్వాతి పరీక్షలో జియోనే రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గింది. (కేంద్రం నివేదికల్లో ఈ సంగతి లేదు.)

భార్యాభర్తల రహస్యాలు ఒకరివొకరికి తెలిసిపోవడం మాత్రం ఘోరమైన గోప్యతా భంగంగా నమోదైంది. కఫైజీ గారు స్వయంగా ఊరి సభకొచ్చి చేతులు కట్టుకున్నారు.

"ఈ ఊళ్లో ఒక జంట రహస్యాన్ని మేం కాపాడలేకపోయాం. నియమం ప్రకారం పేర్లు చెప్పలేను. ఆ దంపతులు మమ్మల్ని క్షమించాలి."

"పర్లేదులెండి సార్" అంటూ సభలో సగం జంటలు లేచి నిలబడ్డాయి, ఒక్క సీసా కూడా గలగలమనకుండా.

శిక్షణ వృథా పోలేదని కఫైజీ గారు పైకి నివేదిక పంపారు.