తొంభై ఆరో పేజీ తర్వాత

ప్రభుత్వంలో పుస్తకాలు చదివేవాళ్ళు లేరన్న అపవాదు ఆ సోమవారం ఉదయంతో శాశ్వతంగా తొలగిపోయింది. పురపాలక మంత్రిగారు సమావేశ మందిరంలో, గుత్తులు గుత్తులుగా పెట్టిన మైకుల ముందు నిలబడి, తాను ఒక పుస్తకం చదివినట్టు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఏ పుస్తకమండీ అని ఒక విలేకరి అడిగాడు. అది సాంకేతికమైన ప్రశ్న అనీ, కార్యదర్శి జవాబిస్తారనీ మంత్రిగారు సెలవిచ్చారు.

అది ఛైర్మన్‌గారి మీద రాసిన పుస్తకం. ఛైర్మన్‌గారంటే ఎవరో చెప్పనక్కర్లేదు. మనం తొడుక్కునే చెప్పులు, ఎక్కే బస్సులు, వేసుకునే తలనొప్పి మాత్రలు అన్నీ ఆయన కంపెనీవే. తలనొప్పులు కూడా కొన్ని ఆయనవేనని గిట్టనివాళ్ళు అంటారు. అంతటి వ్యాపారవేత్త మీద పుస్తకాలు బోలెడు వచ్చాయి గాని, ఈ పుస్తకాన్ని మాత్రం ఛైర్మన్‌గారే స్వయంగా అచ్చు వేయించి, శాఖలో ప్రతి ఉద్యోగికీ ఉచితంగా పంపించారు. ఉచితంగా వచ్చినదాన్ని ప్రభుత్వం ఎన్నడూ చిన్నచూపు చూడలేదు.

"ఛైర్మన్‌గారు పైకెలా వచ్చారు?" అన్నారు మంత్రిగారు బల్ల గుద్ది. "ఫెయిలై వచ్చారు! గొడుగుల ఫ్యాక్టరీ పెట్టారు, వానలు పడలేదు. కొవ్వొత్తుల ఫ్యాక్టరీ పెట్టారు, ఊరికి కరెంటొచ్చింది. ఓడనిండా ఐసు ఎక్కించారు, దిగేసరికి నీళ్ళయ్యాయి. ఫెయిల్యూర్ మీద ఫెయిల్యూర్! అందుకే అంతవారయ్యారు. మరి మన శాఖ ఎందుకు ఎదగడం లేదు? ఎందుకంటే మనం ఒక పద్ధతిగా ఫెయిలవడం లేదు. ఇకనుంచి ప్రతి విభాగానికీ ఫెయిల్యూర్ టార్గెట్ ఉంటుంది. మూడు నెలల్లో ఒక్క వైఫల్యమైనా చూపించలేని అధికారిని పాత కాగితాల గదికి బదిలీ చేస్తాం!"

వెనక వరసలో కూర్చున్న పంపుల సారు తన వైఫల్యాలను వేళ్ళ మీద లెక్కపెట్టబోయాడు, ఒక్క వేలూ ముడవలేదు.

పంపుల సారు ఊరి నీళ్ళ ఇంజనీరు. ఆయన అసలు పేరు జీతం రోజున తప్ప ఆయనకే గుర్తుండదు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి పొద్దున్న ఆరింటికి ఊళ్ళో ప్రతి కుళాయిలోనూ నీళ్ళు వచ్చాయి. కుళాయికీ గడియార స్తంభానికీ తేడా వస్తే జనం గడియారాన్ని బాగుచేయించమని అర్జీ పెట్టేవారు. పంపుహౌస్‌లో మూడు మోటార్లున్నాయి. వాటిని ఆయన పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అనేవాడు. చిన్నమ్మాయి కాస్త గొంతు మార్చి మూలిగినా ఆ రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. తాళంచెవి మొలతాడుకే కట్టుకుని తిరిగేవాడు.

ఇంటికొచ్చేసరికి భార్య ముఖం చూసి కనిపెట్టేసింది. ఆవిడ ప్రభుత్వ ఆస్పత్రిలో ప్రసూతి వార్డుకి పెద్ద నర్సు. ఎవరి నొప్పులు ఏ దశలో ఉన్నాయో గుమ్మంలోంచే చెప్పగలదు.

"మీ కూతుళ్ళకి ఒంట్లో బాగాలేదా?"

"వాళ్ళు దివ్యంగా ఉన్నారు. అదే వచ్చిన చిక్కు. నేను ఫెయిలవ్వాలట."

"మీ వల్ల కాదు లెండి," అందావిడ కాఫీ ఇస్తూ. "అయినా మా వార్డులో ఇలాంటి పాఠాలు పెట్టలేదు. బతికిపోయాం."

"ఆస్పత్రి వేరే మంత్రిది కదా. ఆయనకి చదివే అలవాటు లేదు."

ఆదివారం మధ్యాహ్నం పంపుల సారు కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం పట్టుకున్నాడు. మోటారుతో వచ్చిన పుస్తకాన్ని చివర ప్రెస్సు అడ్రసుతో సహా చదివే మనిషి కాబట్టి దీన్ని కూడా మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. గొడుగులు, కొవ్వొత్తులు, ఐసు, ఆ తర్వాత ఎవరూ కొనని ఒక రకం బొత్తాలు. ఛైర్మన్‌గారు పేజీ పేజీకీ మునుగుతూనే ఉన్నారు. తొంభై ఆరో పేజీకి వచ్చేసరికి సర్వం పోగొట్టుకుని ఏటి ఒడ్డున కూర్చున్నారు. అక్కడ ఇలా ఉంది: "అప్పుడు ఆయనకు వ్యాపారంలో అసలు రహస్యం మెరుపులా తట్టింది. అదేమిటంటే"

పంపుల సారు పేజీ తిప్పాడు. అట్ట వచ్చింది. అట్ట మీద ఛైర్మన్‌గారు నవ్వుతున్నారు.

కాగితాలు ఊడిపోయాయేమోనని ఫిట్టరు పుస్తకం తెప్పించి చూశాడు. గుమస్తాది చూశాడు. అన్నీ "అదేమిటంటే" దగ్గరే ఆగిపోయాయి. ఇక లాభం లేదని మర్నాడు కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఈ పుస్తకంలో తొంభై ఆరో పేజీ తర్వాత..."

"అబ్బ! గుర్తు చేయకండి," అన్నాడు కార్యదర్శి కళ్ళు మూసుకుని. "ఆ భాగం చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. రెండుసార్లు చదివాను."

"అందులో ఏముందండీ?"

కార్యదర్శి కళ్ళు తెరిచాడు. "ఏమిటి, నాకే పరీక్ష పెడుతున్నారా? చదవకుండా ఇక్కడ కూర్చున్నాననుకుంటున్నారా? ముందు మీ ఫెయిల్యూర్ రిపోర్టు ఏదీ?"

మిగతా విభాగాలు అప్పటికే దూసుకుపోతున్నాయి. రోడ్ల విభాగం ప్రత్యేకంగా ఏ శ్రమా పడకుండా, ఉన్నవాటినే ఫోటోలు తీసి పంపింది. వీధి దీపాల విభాగం తన నివేదికను చీకట్లో రాసింది, ఎవరికీ అర్థం కాలేదు, అందుకు అదనపు మార్కులు పడ్డాయి. అగ్నిమాపక దళం తగలబడుతున్న ఒక ఇంటికి మంటలు చల్లారాక చేరుకుని, ఇంటివాళ్ళతో కలిసి ఫోటో దిగింది. ఈ వైఫల్యాలన్నింటినీ లెక్కకట్టాల్సిన గణాంకాల విభాగం లెక్క తప్పింది. ఆ విభాగాధిపతిని మంత్రిగారు కౌగిలించుకున్నారు.

ఒక్క నీళ్ళ విభాగమే అప్రతిష్ఠ పాలైంది. పంపుల సారు ప్రయత్నం చేయలేదని ఎవరూ అనలేరు. మొదటి వారం ఆయన మనసు రాయి చేసుకుని పైపుల్లో ప్రెషర్ తగ్గించాడు. మర్నాడు ఆడవాళ్ళు ఊరేగింపుగా వచ్చారు. ఇన్నాళ్ళూ బిందె పెడితే నీళ్ళు మీదికి చిమ్మేవనీ, ఇప్పుడు పద్ధతిగా పడుతున్నాయనీ చెప్పి ఆయన మెడలో దండ వేశారు. ఈ సంగతి పత్రికలో వచ్చింది. పంపుల సారుకి మెమో వచ్చింది.

రెండోసారి నీళ్ళు పొద్దున్న ఆరింటికి బదులు మధ్యాహ్నం రెండింటికి వదిలాడు. తిట్లకు సిద్ధపడి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. హోటళ్ళవాళ్ళు, లాండ్రీలవాళ్ళు వచ్చి చేతులు పట్టుకున్నారు. "భోజనాలయ్యాక అంట్లు తోముకునే వేళకి సరిగ్గా ఇచ్చారండీ! ఇన్నేళ్ళూ ఈ ఆలోచన ఎవరికీ రాలేదు!" పొద్దున్న పెందలాడే లేవనక్కర్లేనందుకు కోడళ్ళందరూ కృతజ్ఞతలు చెప్పి పంపారు. రెండో మెమోలో కార్యదర్శి "అలవాటుగా విజయం సాధించుట" అనే నేరాన్ని కొత్తగా చేర్చాడు.

మూడోది మెమో కాదు, పిలుపు.

"బదిలీ ఆర్డరు టైపయింది," అన్నాడు కార్యదర్శి. "మీ చోటికి మంత్రిగారి బావమరిది వస్తున్నారు."

"ఆయనకి మోటార్లు తెలుసాండీ?"

"ఈత వచ్చు."

మంత్రిగారి బావమరిది ఇదివరకు ఊరి పార్కులో ఫౌంటెన్ నడిపించిన మనిషి. ఆ ఫౌంటెన్ ఇప్పుడు సైకిల్ స్టాండు. పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి ఆ చేతుల్లో పడితే ఏమవుతారో తలచుకుంటేనే ఆయనకు ఏడుపొచ్చింది.

"ఒక్కరోజు ఫెయిలైతే ఆర్డరు చింపేస్తారా సార్?"

"ఒక్కరోజైనా చాలు. కాని ఘనంగా ఉండాలి."

అంతే. ఒక్కరోజు ఊరికి దాహమైతే అయింది, పిల్లలు మాత్రం క్షేమంగా ఉంటారని పంపుల సారు నిశ్చయించుకున్నాడు. మర్నాడు తెల్లవారకముందే పంపుహౌస్‌కి వెళ్ళి, మూడు స్విచ్చులూ తన చేత్తోనే కట్టేశాడు. ఆ నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ విననిది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని మోటార్ల మధ్య కూర్చుని ఏడ్చాడు.

ఊరు అట్టుడికిపోయింది. బిందెలు రోడ్డెక్కాయి. మంగలి షాపులో సగం గడ్డాలతో మనుషులు బయటికొచ్చి ఒకరినొకరు పోల్చుకోలేకపోయారు. ఏడు గంటలకు పంపుహౌస్ ఫోన్ మోగింది.

"ఎవరయ్యా అక్కడ? నేను మంత్రిని. స్నానం మధ్యలో ఉన్నాను. కళ్ళనిండా సబ్బు."

"క్షమించండి సార్..."

"క్షమించడమేమిటయ్యా! శభాష్! నాకు ఏమీ కనపడటం లేదు. ఇదీ ఫెయిల్యూరంటే! ఛైర్మన్‌గారిని పిలుస్తున్నాను, ఇవాళ సాయంత్రమే సన్మానం!"

ఆర్డరు చింపేశారు. సాయంత్రం టౌన్ హాల్లో వేదిక మీద పంపుల సారుకి శాలువా కప్పి, "ఉత్తమ వైఫల్యం" అని చెక్కిన షీల్డు చేతిలో పెట్టారు. దాహంతో నోళ్ళు ఎండిపోయి ఉండటంతో ప్రేక్షకులు చప్పట్లతోనే సరిపెట్టారు. ముఖ్య అతిథి ఛైర్మన్‌గారు బక్కపలచటి మనిషి, నెమ్మదస్తుడు. ఉపన్యాసాలు జరుగుతుంటే పక్కకి వంగి పంపుల సారుని మెల్లగా పలకరించారు.

"మోటార్లు పాడైపోయాయా, పాపం?"

"భలేవారే! స్విచ్ వేస్తే కోయిలల్లా పాడతాయండి."

"పైపులు?"

"ఒక్క లీకు చూపించండి, నా చెవి కోసిస్తాను."

"మరి ఎలా ఫెయిలైందండీ?"

"నేనే ఆపానండి. మీ పుస్తకం ప్రకారం."

ఛైర్మన్‌గారు ఆప్యాయంగా ఆయన భుజం తట్టారు. ఇంత గొప్పవాడు ఇంత ఓపిగ్గా వింటున్నాడు కదా అని పంపుల సారుకి ధైర్యం వచ్చింది. జేబులోంచి పుస్తకం తీసి తొంభై ఆరో పేజీ ముందు పెట్టాడు.

"మీరేమీ అనుకోకపోతే... ఇక్కడ 'అదేమిటంటే' అని ఉంది. తర్వాత అట్టే. అదేమిటండీ?"

ఛైర్మన్‌గారు ఆ వాక్యం చదువుకుని ముచ్చటగా నవ్వారు. "ఇంతదాకా చదివినవాళ్ళు మీరొక్కరేనండీ," అన్నారు. "పంపుహౌస్ తాళంచెవి మీ దగ్గరే ఉంటుందా?"

సరిగ్గా అప్పుడే మైకు దగ్గర మంత్రిగారి గొంతు ఖంగుమంది. ఇంత ఘోరంగా ఫెయిలైన నీళ్ళ విభాగాన్ని భరించే శక్తి ప్రభుత్వానికి లేదనీ, ఛైర్మన్‌గారు పెద్ద మనసుతో ఆ భారాన్ని తమ నెత్తిన వేసుకుంటున్నారనీ ప్రకటించారు. జనం లేచి నిలబడ్డారు. ఎవరో మంత్రిగారిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ హడావిడిలో పంపుల సారు షీల్డు చంకన పెట్టుకుని, మొలతాడు ముడి విప్పుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఊళ్ళో ప్రతి కుళాయిలోనూ నీళ్ళు వచ్చాయి. జనం ముక్కున వేలేసుకున్నారు. ప్రభుత్వానికి చేతకానిది ఛైర్మన్‌గారు ఒక్క రాత్రిలో చేసి చూపించారని పత్రికలు రాశాయి. కొందరు కుళాయిలకు దండలు వేశారు. పంపుల సారుకి ఇంట్లో కూర్చోబెట్టి సగం జీతం ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ వారంలోనే ఫిట్టరు కంపెనీ చొక్కా తొడుక్కుని, నీళ్ళ మీటర్ల సంచితో గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమనుకోకండి సార్," అన్నాడు తలెత్తకుండా. "ముందు మీ ఇంట్లోనే బిగించమన్నారు. గౌరవంగా ఉంటుందని."

"కూతుళ్ళెలా ఉన్నారురా?" అన్నాడు పంపుల సారు.

"చిన్నమ్మాయి కాస్త మూలుగుతోందండి," అని ఫిట్టరు మీటరు బిగించి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భార్య డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. చేతులు రుద్దుకుంటూ చాలాసేపు అలాగే నిలబడిపోయింది. ఎంతమంది పిల్లలు పుట్టిన రోజైనా ఆవిడ అంత అలసటగా కనిపించడం పంపుల సారు చూడలేదు.

"మాకూ పంచారండీ ఇవాళ," అంది వెనక్కి తిరగకుండా. "మా మంత్రిగారు కూడా చదవడం మొదలుపెట్టారట. వార్డుకి మూడు నెలలు గడువిచ్చారు. ప్రసూతి వార్డులో ఎలా ఫెయిలవుతామండీ?"

గోడ మీద షీల్డు మెరుస్తోంది. బల్ల మీద ఆవిడ సంచిలోంచి కొత్త పుస్తకం తొంగి చూస్తోంది, అట్ట మీద ఛైర్మన్‌గారు నవ్వుతున్నారు.

"బస్సులో చివరిదాకా చదివాను. 'అదేమిటంటే' అని ఆగిపోయింది. మీరు ఆయన్నే అడిగారు కదా. ఏమిటట ఆ రహస్యం?"

"ముందు ఆ కుళాయి కట్టెయ్యి," అన్నాడు పంపుల సారు. "మీటరు తిరుగుతోంది."