కొసరు పువ్వు

ఉదయం ఆరున్నరకు శుభవార్త వచ్చినప్పుడు అనం చేతిలో అరచేయంత రవికె గుడ్డ ముక్క ఉంది. పెళ్ళయి ఇరవై రెండు రోజులే అయిన కోడలు పొద్దున్నే గుడ్డముక్క పట్టుకుని ఇల్లంతా తిరగడం అత్తగారికి మొదట్లో వింతగా ఉండేది. పది రోజులుగా చూసి చూసి ఆమెకూ అలవాటైపోయింది. ఇంతలో ఫోన్ మోగింది. అలియాబాద్‌లో గులాబీలు పెంచే షెడ్డు నుంచి ఒక ఫొటో, దాని కింద ఒక్క ముక్క: "మీ రంగు విచ్చుకుంది."

అనం గుడ్డముక్కను ఫోన్ పక్కన పెట్టి చూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఇంకోసారి చూసింది. గడ్డం గీసుకుంటున్న భర్త రహీల్‌ను సబ్బు నురగతోనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అదే పీచ్ రంగు. గులాబీ కాదు, పసుపూ కాదు, ఆ రెండూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటున్నట్టున్న రంగు. రహీల్ ముందు ఆమె ముఖం చూశాడు, పూలు తర్వాత చూశాడు. ఫోన్ మీద నురగ చుక్క పడింది. దానికీ ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఇరవై రెండు రోజుల్లో నవ్వు రాని విషయం ఏదీ ఇంకా వాళ్ళకు తగల్లేదు.

ఆ రంగుకు ఇంట్లో ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకున్నారు. అత్త ఖైరున్నీసా లెక్కలో అది పాలు ఎక్కువైన చాయ్. మామ నసీరుద్దీన్ లెక్కలో ఎండకు వెలిసిపోయిన బంతిపువ్వు. మేడ్చల్ బస్టాండు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా దండల దుకాణం నడుపుతున్న మనిషి ఆయన. పువ్వన్నాక రోడ్డు అవతలి నుంచి కనబడాలని ఆయన నమ్మకం. ఆ దుకాణానికి ఇంకో నియమం కూడా ఉంది. మూర కొలిచాక ఒక జానెడు కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపకూడదు. కోపంగా ఉన్నవాళ్ళకైతే రెండు జానలు. రహీల్ నడక నేర్చుకున్నదీ, కొసరు వెయ్యడం నేర్చుకున్నదీ ఆ దుకాణంలోనే.

ఇంత హడావిడీ అశ్రిత కోసం. ఆ గుడ్డముక్క ఆమె రిసెప్షన్ రవికెది. డిగ్రీ మూడేళ్ళూ అనం, అశ్రిత ఒకే బెంచీ మీద కూర్చున్నారు. రెండో ఏడాదిలో ఎక్కడో పెళ్ళికూతురు బొకే పట్టుకున్న ఫొటో చూసి, అశ్రిత అక్కడికక్కడే మాట తీసుకుంది. తన పెళ్ళికి బొకే అనమే కట్టాలి. ఇంటిల్లిపాదీ నిలబడే ఫొటోలో అది తన చేతిలో ఉండాలి. బొకే ఎలా కడతారో అప్పటికి అనంకు తెలియదు. అయినా సరేనంది. ఇప్పుడు కట్టడమూ వచ్చు, కట్టవలసిన రోజూ వచ్చింది. రిసెప్షన్ సాయంత్రం ఆరున్నరకు, శామీర్‌పేట రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో. ఇంటివాళ్ళ ఫొటో ఎనిమిదింటికి.

షెడ్డు నుంచి నూట ఇరవై గులాబీలు వచ్చాయి. నలభై అశ్రిత బొకేకు. పదిహేనేసి ఆమె చెల్లెళ్ళిద్దరి చిన్న బొకేలకు. పెళ్ళికొడుకు అన్వేష్‌కూ అతని ఆరుగురు స్నేహితులకూ కోటుకు గుచ్చే పూలు ఏడు. ఒక్కోదానికి ఒక గులాబీ, ఒక చిన్న ఆకు, అదే రంగు రిబ్బను. మిగిలిన నలభై మూడూ స్టేజీ ముందు గాజు కుండీల్లోకి. స్టేజీ వెనుక గదిలో సాయంత్రం ఆరింటికల్లా పని పూర్తయింది. కొత్త దంపతులిద్దరూ నీళ్ళ బకెట్టుకు చెరో పక్క కూర్చుని ఒకే సమోసాను పంచుకుని తిన్నారు. రెండో సమోసా పొట్లంలోనే ఉంది, కానీ పంచుకుంటే బాగుందని దాన్నీ అలాగే తిన్నారు. మోకాళ్ళ నొప్పులని ఆ గదిలోనే ఏసీ కింద కుర్చీ వేయించుకున్న అశ్రిత అవ్వ సుక్కమ్మ వాళ్ళను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

మొదటి పువ్వు పెళ్ళికొడుకు స్నేహితుడు సన్నీ కోటెక్కింది. సన్నీ దాన్ని చూపించుకోవడానికి నేరుగా గేటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అతిథులకు ఎదురు నిలబడి ఉన్న పెళ్ళికూతురి తండ్రి సుధాకర్ దాన్ని చూశాడు.

సుధాకర్ సర్పంచ్ పదవి దిగి ఏళ్ళయింది గానీ ఊరు ఇంకా సర్పంచ్ సాబ్ అనే పిలుస్తుంది. రిబ్బను కట్టిన పువ్వు మనిషి గుండెల మీద ఉండటం ఆయన ఒక్కచోటే చూశాడు: సభల్లో, వేదిక మీద కూర్చునేవాళ్ళకు. బోరు ప్రారంభం దగ్గర్నుంచి బడి వార్షికోత్సవం దాకా ఐదేళ్ళలో ఎన్నో పెట్టించుకున్నాడు. ఆ పువ్వు ఎవరికి పెడతారో, పెట్టకపోతే ఎన్నేళ్ళు గుర్తుంచుకుంటారో ఆయనకు బాగా తెలుసు. గదిలోకి వచ్చి మెల్లగా అడిగాడు.

"బిడ్డా అనం, స్టేజీ మీద కూసునేటోళ్ళ లిస్టు ఎవరు రాసిండ్రు?"

"లిస్టేం లేదంకుల్. గవి అన్వేష్ దోస్తులకు. ఊకె అందానికి."

"మంచిదే. పిల్ల తండ్రిని, నాకే అందం లేకపాయె."

ఆయన గొంతులో కోపం లేదు. అదే అనంకు ఇబ్బంది అనిపించింది. కుండీల పూలలో ఒకటి తీసి, రిబ్బను కట్టి, తెల్లచొక్కా జేబు మీద గుచ్చింది. సుధాకర్ అద్దంలో చూసుకుని, వెన్ను నిటారుగా చేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే అన్వేష్ పెదనాయన వెంకటనర్సయ్య కారు వచ్చి ఆగింది. ఈ సంబంధం కుదిర్చింది ఆయనే. మేడ్చల్‌లో వాళ్ళింట్లో ఆయన చెప్పిందే మాట. వెంకటనర్సయ్య ఒక కాలు కిందపెట్టాడు, వియ్యంకుడి గుండెల మీద పువ్వు చూశాడు, కాలు లోపలికి తీసుకున్నాడు. కారు అద్దాలు పైకి వెళ్ళాయి. ఆయన దిగకుండా వెనక కార్లవాళ్ళు దిగరు. కాసేపటికి డ్రైవరు కబురు మోసుకొచ్చాడు. స్టేజీ మీద కూర్చునే పెద్దమనుషుల పని అయ్యాక మామూలు మనుషులు వస్తారట.

రహీల్ చేతికందిన పూలు పట్టుకుని పరిగెత్తాడు. అద్దం దిగింది. లోపలి ముఖం చూడగానే రహీల్ చెయ్యి దుకాణంలో నేర్చిన పని తనంతట తానే చేసేసింది. ఒక గులాబీ పెట్టి, పక్కన ఇంకో గులాబీ కొసరు వేసింది. వెంకటనర్సయ్య తన గుండెల మీద చూసుకున్నాడు, సుధాకర్ గుండెల మీద చూశాడు, లెక్కపెట్టుకుని చిరునవ్వుతో దిగాడు. వెనక కార్ల తలుపులన్నీ తెరుచుకున్నాయి. రహీల్ గదికి తిరిగివచ్చి అంతా సర్దుకుందని చెప్పాడు.

ఆ సర్దుబాటు ఏడు నిమిషాలు నిలిచింది. సుధాకర్ బావమరదులకూ లెక్కలు వచ్చు. వాళ్ళు ముగ్గురూ ఆయన్ను వెంటబెట్టుకుని గదిలోకి వచ్చి, పిల్లనిచ్చినవాళ్ళంటే సగం అనుకున్నారా అని అడిగారు. రెండోది కొసరు మాత్రమేనని రహీల్ ఎంతో వినయంగా వివరించాడు.

"గట్లయితే నాకూ ఎయ్యి కొసరు," అన్నాడు సుధాకర్. "పిల్ల తండ్రికి రెండెయ్యి."

సుధాకర్ మూడు పూలతో బయటికి వెళ్ళాడు, బావమరదులు తలా ఒకదానితో. అది చూసి వెంకటనర్సయ్యకు మూడోదీ నాలుగోదీ కావలసి వచ్చింది. ఆయన మేనల్లుళ్ళకు ఒక్కొక్కటి. మేనల్లుళ్ళకు ఇచ్చి తనకు ఇవ్వలేదని వార్డు మెంబరు అలిగాడు. ఆయనకు ఇచ్చేసరికి పాత మెంబరు వచ్చాడు. ఏడుంబావుకు గాజు కుండీలు నీళ్ళతో మాత్రమే మెరుస్తున్నాయి. అశ్రిత చెల్లెళ్ళు తమ బొకేలను అడగకముందే ఇచ్చేశారు. అవి చేతిలో ఉంటే ఫోన్ పట్టుకోవడం కుదరడం లేదట.

ఏడున్నరకు సుధాకర్ ఒంటరిగా వచ్చాడు. బల్ల మీద నలభై గులాబీల బొకే ఒక్కటే ఉంది. దాని ముందు అనం నిలబడి ఉంది.

"అది అశ్రితది అంకుల్," అంది అనం. "ఫొటోకు మాటిచ్చిన."

"నాకెరుకే బిడ్డా." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "బయట వెంకటనర్సయ్య పటేల్ తమ్ముళ్ళు నలుగురు ఇండ్లకు పోతమంటున్నరు. రేపటిసంది నా బిడ్డ ఆళ్ళ నడుమనే ఉండాలె. ఇయ్యాల ఒక్క పువ్వు తక్కువైందని పదేండ్లు ఆమెనే అంటరు. బొకే లేకున్నా నా బిడ్డ మంచిగనే కనవడతది."

అనం బల్ల ముందు నుంచి పక్కకు జరిగింది. సుధాకర్ ఆ బొకేను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, రిబ్బను ముడి తనే విప్పాడు. ఒక్క రేకు కూడా రాలకుండా విప్పాడు. పది నిమిషాల్లో నలభై గులాబీలూ మగపెళ్ళివారి, ఆడపెళ్ళివారి చొక్కాలెక్కి హాల్లో తిరుగుతున్నాయి. సుధాకర్‌కు ఐదు, వెంకటనర్సయ్యకు ఐదు దగ్గర పోటీ ఆగింది. అంతకన్నా జేబు మీద చోటు లేదు.

బల్ల మీద రిబ్బనూ, నాలుగు ఆకులూ మిగిలాయి. బొకే తెమ్మని అశ్రిత స్టేజీ మీది నుంచి రెండోసారి కబురు పంపింది. అనం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రహీల్ తన కుడిచేతిని వేరేవాళ్ళ చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

"నా చెయ్యే జేసింది గిదంతా," అన్నాడు.

"నీ చెయ్యి మంచిదే. దానికి ఆపుడు రాదు, గంతే," అంది అనం, ముక్కు తుడుచుకుంటూ.

ఏసీ కింద కుర్చీలోంచి సుక్కమ్మ పిలిచింది. పెనిమిటి సర్పంచ్‌గా ఉన్న రోజుల్లోనూ, కొడుకు సర్పంచ్‌గా ఉన్న రోజుల్లోనూ ఇంటికి అలిగి వచ్చినవాళ్ళందరికీ చాయ్ పోసిన మనిషి ఆమె.

"ఏంది పిల్లా, పూలేమన్న ఊరు దాటినయా?"

"లేదవ్వా. అందరి అంగీల మీదనే ఉన్నయి."

"మరింకేంది. అడిగితే ఇయ్యరు. మైకుల పేరు పిలువు. పేరు పిలిస్తే మావోళ్ళు నోట్లె ముద్ద గూడ తీసిస్తరు."

అనం రిబ్బను తీసుకుని స్టేజీ ఎక్కింది. కాలేజీలో వందన సమర్పణలు చేసిన గొంతుతో, ఇరువైపుల పెద్దలూ ఒక్కొక్కరుగా వేదిక మీదికి వచ్చి, తమ గుండెల మీది పువ్వును పెళ్ళికూతురి చేతిలో పెట్టి ఆశీర్వదించవలసిందిగా కోరింది. మొదటి పేరు దగ్గర ఆగింది. ఎవరిని ముందు పిలిచినా రెండోవారు కారెక్కుతారు. ఊపిరి గట్టిగా తీసుకుని, సుధాకర్ గారిదీ వెంకటనర్సయ్య గారిదీ పేర్లు మధ్యలో గాలి దూరకుండా ఒక్కటే పేరులా పలికింది. ఒకరు కుడి మెట్ల మీది నుంచి, ఒకరు ఎడమ మెట్ల మీది నుంచి ఎక్కారు. ఇద్దరూ పిన్నులు తీసి, ఐదేసి పూలూ అశ్రిత చేతిలో పెట్టారు. ఫొటో పడింది.

ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. పేరు పిలిచినవాళ్ళు వచ్చారు, పిలుస్తారని ముందే వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. అసలు పువ్వే దక్కనివాళ్ళు కొందరు రహీల్‌ను పక్కకు లాగి, తిరిగి ఇచ్చెయ్యడానికైనా ఒకటి దొరుకుతుందా అని బతిమాలారు. అనం అశ్రిత వెనుక మోకాళ్ళ మీద కూర్చుని, వచ్చినవి వచ్చినట్టు చేర్చి రిబ్బను చుడుతోంది. నలభై దాటింది. డెబ్భై దాటింది. రిబ్బను చాలక రహీల్ తన మెడ టై విప్పి ఇచ్చాడు. నూట పంతొమ్మిది దగ్గర ఆగింది. నూట ఇరవయ్యోది సన్నీది. అది బిర్యానీ దగ్గర ఎక్కడో పడిపోయిందట.

సరిగ్గా ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ ఫొటోకు నిలబడ్డారు. అశ్రిత చేతుల్లో పెద్ద గుమ్మడికాయను మించిన బొకే ఉంది. ఒక పక్క బరువు అన్వేష్ మోస్తున్నాడు. ఆ పీచ్ రంగు గుట్ట మీది నుంచి నవ్వుతున్న రెండు కళ్ళు మాత్రం అశ్రితవని గుర్తుపట్టవచ్చు. రంగు ఎక్కడా తేడా రాలేదు. కాకపోతే, పది రోజులు గుడ్డముక్కతో సరిచూసిన ఆ రవికె మాత్రం ఫొటోలో ఎక్కడా కనబడలేదు.

"నేను ఒక్క బొకే అడిగిన," అంది అశ్రిత, పూల వెనుక నుంచి. "నువ్వు తోటే తెచ్చినవ్."

ఆ ఫొటో మేడ్చల్ దుకాణానికి చేరింది. నసీరుద్దీన్ ముక్తసరిగా నాలుగు మాటల జవాబు పంపాడు: ఇప్పుడు రోడ్డు అవతలికి కనబడుతుంది. అనం దాన్ని రహీల్‌కు మూడుసార్లు చదివి వినిపించింది. ఇద్దరూ ఖాళీ బకెట్టుకు చెరో పక్క కూర్చుని, సుక్కమ్మ తెప్పించి ఇచ్చిన ఒక కప్పు డబల్ కా మీఠాను రెండు చెంచాలతో తింటున్నారు.

అప్పుడు మైకులో సుధాకర్ గొంతు వినబడింది. రేపు పది గంటలకు మేడ్చల్‌లో వియ్యాలవారింట్లో సత్యనారాయణస్వామి వ్రతం. బస్సులు తొమ్మిదింటికి బయలుదేరుతాయి. మనవైపు మనుషులందరికీ బస్సు దగ్గరే మనిషికి రెండేసి పూలు, పెద్దలకు మూడేసి. ఆ మాట ముగియకముందే వెంకటనర్సయ్య మైకు అందుకుని, తమవైపు పెద్దలకు నాలుగని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. రహీల్ చెంచా కిందపెట్టి అలియాబాద్ షెడ్డుకు ఫోన్ కలిపాడు. అనం అతని కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

స్వామికి ఎన్ని పూలన్నది ఎవరూ ప్రకటించలేదు.