అంబాదాస్ తీసిన మరక

చాయ్ తాగడం, రంగు నూలు తీయడం, ఎండెక్కక ముందే మగ్గమెక్కడం. ఆ పొద్దున అంబాదాస్ వేసుకున్న ప్లాను ఇంతే. ఇంత చిన్న ప్లాను కూడా చెడిపోతుందా అంటే, మనిషి అంబాదాస్ అయినప్పుడు తప్పక చెడిపోతుంది.

సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక సందులో అతనికున్నది ఒక్కటే మగ్గం. ఫోటో ఇస్తే, గోడకు వేలాడదీసే నూలు పటంగా నేసిస్తాడు. ఇచ్చేది ఎవరు? తండ్రి పోయిన కొడుకులు, తల్లి పోయిన కూతుళ్లు. ఫోటోలన్నీ పాతవి, తడిసి మరకలు పడ్డవి. ఆ మరకలు తీసేసి, పోయినవాళ్లను పెళ్లికొడుకుల్లా నిలబెట్టడంలో అతనిది అందె వేసిన చేయి. పాపం, ఈ మధ్య ఎవరూ రావడం లేదు. "ఈ ఒక్క ఆర్డర్ గూడ పోయిందనుకో, మగ్గం పాతసామాన్ల భంగారోనికే. నా బీడీ చాటలు పెట్టుకుంటందుకు జాగన్న అయితది" అని భార్య ద్రౌపది ఖరాఖండిగా చెప్పేసింది.

ఆ ఆర్డరు పుణె నుంచి వచ్చింది. ఇచ్చినామె సుప్రియ. ఈ ఊరి నీలం నగర్ పిల్లే, పుణెలో ఏదో ఉద్యోగం. ఫోన్లో ఫోటో పంపి, "అన్నా, ఇది దునియంత మశూర్ ఫోటో, అందరికి ఎరుకే. మంచిగ నేస్తే ఇంకా శాన ఆర్డర్లిస్త" అంది. అంబాదాస్ తలూపాడు. ఎవరి తండ్రి వాళ్లకు దునియంత మశూరే కదా!

ఆ పొద్దున ఫోటో తెరిచి చూశాక మాత్రం మొగుడూ పెళ్లాలిద్దరికీ ఏమీ అర్థం కాలేదు. పచ్చగడ్డిలో చెడ్డీ వేసుకున్న పెద్దమనిషి ఏదో చిన్న బండి తోస్తున్నాడు. వెనక, ఆకాశం నుంచి నేలదాకా, బూడిదరంగు మరక.

"అరెరె, ఎంత మరకనే! నీళ్లల్ల నానిందేమో" అన్నాడు అంబాదాస్.

"మరక ఇడ్సిపెట్టు. గోడకు పెట్టే పటానికి చెడ్డీ ఏంది?"

"పోయినాయన కదనే, పాపం."

"పోయినాయనకే ఇజ్జత్ కావాలె. ధోతీ కట్టు."

కంప్యూటర్లో డిజైన్ వేసి, మగ్గానికి చిల్లుల అట్టలు గుద్ది ఇచ్చే మంగేశ్ ఎవరినీ ఏమీ అడిగే రకం కాదు. మరక తుడిచేశాడు. ధోతీ కట్టాడు. తల బోసిగా ఉందని తెల్లటోపీ కూడా పెట్టాడు. "ఈ బండేంది కాకా?" అని మాత్రం అడిగాడు. "ఆయన బతుకుదెరువుంటది. ఉండనియ్యి" అన్నాడు అంబాదాస్.

అంతలో సుప్రియ ఫోను. "అన్నా, చూస్తే భయమైతున్నదా? పిల్లలు చూసి ఝడుసుకోవాలె!"

అంబాదాస్ ఫోను పెట్టేసి బుర్ర గోక్కున్నాడు. తండ్రిని చూసి పిల్లలు ఝడుసుకోవడమేమిటి? ఇంటికొచ్చి అడిగితే ద్రౌపది ఇట్టే తేల్చేసింది. "కడక్ మనిషై ఉంటడు. మీసాలు పెట్టు." మంగేశ్ బుర్ర మీసాలు పెట్టి, కళ్లు కాస్త ఎర్రజేశాడు.

ఇక అంబాదాస్ మగ్గమెక్కాడు. కళ్లు లాగుతున్నా, నడుము పట్టేసినా దిగలేదు. మగ్గం మిగలాలంటే ఈ పటం బాగుండాలి, అంతే. గడ్డి పరక పరకా విడిగా కనబడేట్టు నేశాడు.

సుప్రియ వస్తానన్న రోజు ద్రౌపది పటాన్ని గోడకు తగిలించి, బంతిపూల దండ వేసి, ఊదుబత్తీలు ముట్టించింది. పక్కింటి ఎల్లమ్మ, ఎవరు పోయారో తెలియకపోయినా, ఎందుకైనా మంచిదని కొంగు కళ్లకు అద్దుకుంది.

సుప్రియ లోపలికి వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "అన్నా, ఈయనెవరు?"

"మీ బాపే కదమ్మా."

"మా బాపా?"

"మీసాలు జర ఎక్కువైనయా?"

"మీసాలు కాదన్నా! సుడిగాలేది? ఎన్క ఉండె గద, ఇంత పెద్దది!" అంటూ ఆమె ఫోన్ తీసి చూపించింది.

"అదా? మరకమ్మా. తీసేసిన. జాడ గూడ లేదు సూడు" అన్నాడు అంబాదాస్ గర్వంగా.

సుప్రియ పీట మీద కూలబడింది. తను పనిచేసేది పిల్లల సైన్సు మ్యూజియంలోనట. ప్రపంచంలో పేరుపడ్డ సుడిగాలి ఫోటోలన్నీ నూలు పటాలుగా అక్కడ పెడతారట. ఇది కెనడాలో ఒకావిడ తీసిన ఫోటో. వెనక సుడిగాలి లేస్తుంటే భర్త తాపీగా ఆ బండిలాంటి మిషనుతో గడ్డి కోసుకుంటున్నాడు.

"మొగని ఎన్క సుడిగాలొస్తుంటే పెండ్లాం ఫోటో దీసిందా!" ద్రౌపది ముక్కున వేలేసుకుంది. "ఆయన పోయిండా మరి?"

"ఎందుకు పోతడక్కా? ఆయనకేం కాలే."

"అయ్యో, బతికున్నోనికి ఊదుబత్తీలు ముట్టిస్తిమి!" ద్రౌపది ఒక్క ఉదుటున దండ లాగేసింది. ఎల్లమ్మ ఏడుపు ఠక్కున ఆపేసింది.

సుప్రియ మిగతా ఫోటోలు చూపించింది. నూట నలభై ఏళ్ల కిందటి నలుపు-తెలుపుది ఒకటి. రోడ్డు వంతెన కింద బిక్కుబిక్కుమంటూ దాక్కున్నవాళ్ల వీడియోలోంచి తీసింది ఒకటి. ఒక్కదానిలోనూ అంబాదాస్ కళ్లు నిలవలేదు.

"నాదే తప్పమ్మా. అడుగకుండ నేసిన" అన్నాడు. "ఈ మగ్గం భంగారుకు పోతే నాకింకో పని రాదు."

సుప్రియ లేచి పటం దగ్గరికి వెళ్లింది. సుడిగాలి ఉండాల్సిన చోట వేలితో తడిమింది. శుభ్రమైన ఆకాశం. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టే ఉంది.

"నిజంగనే జాడ లేదన్నా" అంది మెల్లగా. "మళ్ల నెయ్యి. సుడిగాలితోని, చెడ్డీతోని. తక్కినయన్ని గూడ నువ్వే నెయ్యాలె."

ద్రౌపది బీడీ చాటలను మళ్లీ మంచం కిందికి నెట్టేసింది.

సుప్రియ తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించి, ఫోన్లో ఇంకో ఫోటో తీసింది. భుజం భుజం రాసుకుంటూ ఇద్దరు పెద్దమనుషులు.

"ఈయన మా బాపు. పక్కన మా కాక, బాపు తమ్ముడు. ఇల్లు పంచుకున్నప్పటిసంది మాటల్లేవు. అన్నా, మా కాకను గూడ గట్లనే తీసేస్తవా, జాడ లేకుండ?"

అంబాదాస్ ఫోను రెండు చేతులా అందుకున్నాడు. జీవితంలో మొదటిసారి, మగ్గమెక్కక ముందే ఒక ప్రశ్న వేశాడు.

"తీసేస్త గని, ముందుగాల ఇది చెప్పమ్మా. ఇద్దర్ల పోయినాయన ఎవరు?"