మూసిన షట్టర్ ముందు ముప్పై మంది

పొద్దున్నే ఉప్మా తింటూ రూబీ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం అయిదింటికి, హైటెక్ సిటీలో తను పనిచేసే కంపెనీ వెనక గేటు పక్కన, మూసి ఉన్న షట్టర్ ముందు ఇద్దరిని వరుసగా నిలబెట్టాలి. కారణం తెలియకుండానే వాళ్ల వెనక ఎంతమంది చేరతారో లెక్కపెట్టాలి. ఉద్యోగం చేస్తూ చదువుతున్న సైకాలజీ ఎమ్మెస్సీకి చివరి ఏడాది ప్రాజెక్టు అది. షట్టర్ లోపల విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు.

గైడ్ చలపతిరావుగారు పోయినసారి ఆమె ప్రాజెక్టు తిప్పి పంపారు. ఇంత చక్కగా కుదిరిన అంకెలు మనుషులవి కావనీ, ఇంట్లో కూర్చుని రాసుకున్నవనీ తేల్చేశారు. పాపం, అవి నిజమైన అంకెలే. ఈసారి ముప్పై మంది ఉండాలి, ఆ ముప్పై మందీ తర్వాత అసలు సంగతి విని ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టాలి, రేపు పదింటికల్లా ఆయనకు ఇవ్వాలి. ఒక్కరు తగ్గినా ఏడాది గోవిందా.

నిలబడటానికి వాచ్‌మన్ మొగిలి, ఊడ్చే పని ముగించిన సీతాబాయి ఒప్పుకున్నారు. ఎవరేం అడిగినా తెలియదనే చెప్పాలని వాళ్లకు మూడుసార్లు చెప్పి, రూబీ ఎదురుగా టీ బండి దగ్గర నోట్‌బుక్ తెరిచింది.

అవి సకల జనుల సమ్మె రోజులు కాకపోతే అంతా సవ్యంగానే జరిగేది. సిటీ బస్సులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, రోడ్ల మీదే వంటలు, రోజుకో కొత్త రకం నిరసన. అలాంటి రోజుల్లో వరుస కనిపిస్తే మనిషన్నవాడు ఊరుకుంటాడా?

ఓ ప్రోగ్రామర్ వచ్చి ఇదేం లైనని సీతాబాయిని అడిగాడు.

"నాకేం ఎరుక సారు. నిలబడుమన్నరు, నిలబడ్డ," అందామె.

నిలబడమన్నారంటే పైవాళ్లే అని ఉంటారనుకుని అతను ఆమె వెనకే నిలబడి, తన టీమ్‌కంతా ఫోన్లు చేశాడు. పెట్రోలు కూపన్లేమో అనుకున్నారు కొందరు. మౌన నిరసనేమో అని తెలంగాణవాళ్లు నిలబడితే, మనం నిలబడకపోతే బాగుండదని ఆంధ్రావాళ్లూ నిలబడ్డారు. అడిగితే తమకు తెలియదని నలుగురికీ తెలిసిపోతుందని ఎవరూ ఇంకొకరిని అడగలేదు. రూబీ ఆనందంగా గీతలు గీసుకుంటూ పోయింది.

అడ్మిన్ మేనేజర్ రామ్మోహనరావు ఇదంతా కెమెరాలో చూశాడు. నినాదాలిచ్చేవాళ్లతో మాట్లాడటం ఆయనకు అలవాటే కానీ, ఏమీ అడగకుండా నిలబడ్డవాళ్లను చూడటం ఇదే మొదలు. వీళ్లకు కావలసింది బస్సులే అయ్యుంటాయని తనకు తనే తేల్చుకుని, మూడు ప్రైవేటు బస్సులు మాట్లాడి, పరుగున వచ్చి షట్టర్ మీద కాగితం అంటించాడు: కూకట్‌పల్లి, నిజాంపేట, జీడిమెట్ల బస్సులకు టోకెన్లు ఇచ్చట.

కారణం లేని వరుసకు కళ్ల ముందే కారణం పుట్టుకొచ్చింది. ఇక మీద చేరేవాళ్లెవరూ లెక్కలోకి రారు. రూబీ గబగబా గీతలు లెక్కపెట్టుకుంది. మొగిలినీ సీతాబాయినీ వదిలేస్తే, కాగితం పడేసరికి సరిగ్గా ముప్పై మంది. హమ్మయ్య అనుకుని, పత్రాలు పట్టుకుని పరిగెత్తి ఒక్కొక్కరికీ సంగతి చెప్పింది. సగం మంది నమ్మనే లేదు. అయినా టోకెన్ దొరికిన సంబరంలో ఇరవై తొమ్మిది మంది సంతకాలు పెట్టారు.

ముప్పయ్యో మనిషి తల మీద కర్చీఫ్ వేసుకుని, చేతిసంచీ పొట్టకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చలపతిరావుగారు.

ఈసారైనా ఆమె నిజంగా పని చేస్తోందో లేదో చూద్దామని ఆయన నిజాంపేట నుంచి రెండు ఆటోలు మారి వచ్చారట. గేటు దగ్గర లైను కనబడిందట.

"మరి ఎందుకు నిలబడ్డారండీ?"

"ఇంతమంది ఊరికే నిలబడతారా అమ్మా?"

రూబీ అసలు సంగతి చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. ఇరవయ్యేళ్లుగా ఆయన క్లాసులో చెబుతున్న పాఠం అదే మరి. సంతకం పెడితే తను కూడా ఆ వలలో పడ్డానని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పెట్టకపోతే ఆయన పెట్టిన నియమం ప్రకారమే పిల్ల ఏడాది పోతుంది.

"సరిగ్గా ముప్పయ్యా? ఎవరు నమ్ముతారే?" అన్నారు చివరికి నీరసంగా.

"మీరు నమ్మితే చాలండీ."

టోకెన్లు అయిపోవస్తున్నాయి. "జర జల్ది పెట్టుండ్రి సారు, లైను ఆగింది," అన్నాడు మొగిలి.

పేరు ఎక్కడా బయటపడదు కదా అని ఆయన రెండుసార్లు అడిగారు. పడదనీ, వయసూ వృత్తీ మాత్రం పట్టికలో రాయాలనీ రూబీ చెప్పింది. ఆయన సంతకం గీకి, టోకెన్ తీసుకుని వెనక్కి చూడకుండా నిజాంపేట బస్సెక్కేశారు.

వృత్తి అన్న గడిలో రూబీ 'ఇతరములు' అని రాసింది.