తెమిర్‌ఖాన్, గేటు తెరువు

శనివారం పొద్దున టీ తాగుతూ బెక్జాత్ ఆ రోజు జరగవలసినవన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాడు. మధ్యాహ్నం బస్టాండుకు వెళ్ళాలి. సర్యగాష్‌లో నీళ్ళ వైద్యం ముగించుకుని వస్తున్న నాన్ననీ, ఆయనతోపాటు దిగుతున్న పెదనాన్ననీ కారెక్కించుకోవాలి. కారు వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లో అమ్మో, భార్య జాన్సాయానో ఒక్క మాట అంటారు. అంతే. ఇనుప గేటు దానంతటదే తెరుచుకుంటుంది. వాకిట్లో దీపాలు వెలుగుతాయి, కర్టెన్లు పక్కకి జరుగుతాయి, వంటింట్లో టీ నీళ్ళ సమోవార్ మరగడం మొదలుపెడుతుంది. నాన్న నోరు తెరుచుకుని చూస్తాడు. ఆ చూడటంలో పైకప్పు సంగతి మరిచిపోతాడు.

ఆయన పైకప్పు సంగతి మరిచిపోవడం చాలా ముఖ్యం. "మంచు పడేలోగా రేకులు మార్పించు" అని ఆయన ఇచ్చి వెళ్ళిన డబ్బంతా ఇప్పుడు గేటులోనూ గోడల్లోనూ బల్బుల్లోనూ ఉంది.

బెక్జాత్ దుబారా మనిషి కాడు. పోయిన చలికాలం ఎవరో గంట కొడితే గేటు తియ్యడానికి వెళ్ళి, వాకిట్లో గడ్డకట్టిన మంచు మీద జారి అమ్మ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఈసారి అమ్మ కాలు ఆ మంచు మీద పడకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. గేటుకి మోటారు ఒక్కటే కొందామని షాపుకి వెళ్ళాడు. కెమెరా లేకుండా మోటారు పనిచెయ్యదన్నారు. ఇంట్లో మన మాట వినే ఓ డబ్బా లేకుండా కెమెరా పనిచెయ్యదన్నారు. డబ్బా ఎలాగూ కొంటున్నారు కదా, పాత బల్బులు దాని మాట వినవన్నారు. షిమ్‌కెంత్ ఊళ్ళో ఆ షాపువాళ్ళంత నిజాయితీపరులు లేరు. నిజంగానే వాటిలో ఏదీ ఇంకోటి లేకుండా పనిచెయ్యలేదు.

ఈ సంగతి అమ్మ ఫోనులో నాన్న చెవిన వేసింది. "నేనొచ్చి చూస్తాను. నచ్చకపోతే అంతా ఊడదీసి వెనక్కి ఇచ్చెయ్యాలి," అన్నాడాయన. షాపువాళ్ళు వెనక్కి తీసుకునే గడువు రేపటితో ఆఖరు. అంటే ఇవాళ నాన్న మెచ్చుకుంటేనే గేటు నిలుస్తుంది. లేకపోతే అమ్మ మళ్ళీ మంచు మీద నడుస్తుంది. బెక్జాత్ అది జరగనివ్వదలుచుకోలేదు.

"ఏదీ అమ్మా, ఒకసారి పిలిచి చూడు," అన్నాడు టీ గిన్నె కింద పెట్టి.

"ఎవర్ని?" అంది అమ్మ, రౌషన్.

"ఇంటిని. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. ఏ పేరైనా పెట్టుకోవచ్చన్నారు. ఈ ఇల్లు కట్టింది నాన్న కదా, అందుకని నాన్న పేరే పెట్టాను." బెక్జాత్ గోడ వైపు తిరిగాడు. "తెమిర్‌ఖాన్!"

"చెప్పండి, వింటున్నాను," అంది గోడ మీది డబ్బా.

జాన్సాయా చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పడింది. ఆమె అత్తగారి వంక ఒకసారి చూసి తల దించుకుంది.

"నీకు మతుందిట్రా?" అంది రౌషన్. "ఈ ఇంటికి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళు. ఆ పేరు నా నోట ఒక్కసారి రాలేదు. ఓసారి బజార్లో మీ నాన్న తప్పిపోతే మైకులో పిలిపిస్తామన్నారు, పేరడిగారు. చెప్పలేక సాయంత్రందాకా గేటు దగ్గరే కూచున్నాను. అలాంటిది ఇప్పుడు బల్బు కోసం పిలుస్తానా?"

"నాన్నని కాదమ్మా. డబ్బాని."

"డబ్బాకి తండ్రి పేరు పెట్టినవాడివి, రేపు కుక్కకీ పెడతావు."

బెక్జాత్ భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు. ఫార్మసీ చదువుకున్నదానివి!"

"మందుల పేర్లు ఎన్నైనా చెబుతానండీ. మావయ్యగారి పేరు మాత్రం నన్నడక్కండి. మా అమ్మ నన్ను పంపించేటప్పుడు చెప్పింది అదొక్కటే."

తన తప్పేమిటో బెక్జాత్‌కి అప్పుడు తెలిసింది. డబ్బాని పరీక్షించినన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకుని తనొక్కడే పిలిచాడు. అందరూ చూసి ఆశ్చర్యపోవాలని. ఇదంతా బిగించిన దానియార్‌కి వెంటనే ఫోను చేశాడు. దానియార్ చెల్లెలి పెళ్ళికి తుర్కెస్తాన్ వెళ్ళి ఉన్నాడు. వెనక డోంబ్రా వాయిద్యం మోగుతోంది.

"పేరొక్కటే మార్చడం కుదరదన్నా. మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి. సోమవారం వస్తా. ఆఁ, మీ గేటు తాళంచెవి పొరపాటున నా జేబులోనే వచ్చేసింది. భద్రంగా ఉంది, కంగారు పడకు."

కోడలు మాత్రం ప్రయత్నలోపం లేకుండా చూసింది. పెద్దవాళ్ళ పేర్లు పలకలేని ఇళ్ళలో ఆడవాళ్ళు అదే అర్థం వచ్చే ఇంకో మాట వాడుకోవడం ఉన్నదే. తెమిర్ అంటే ఇనుము. జాన్సాయా డబ్బా ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "ఇనప్పెద్దాయనగారూ, కాస్త లైటు వేస్తారా?" అంది. డబ్బా పలకలేదు. రౌషన్ ముందుకొచ్చి, "ఓయ్, మిమ్మల్నే!" అంది. అప్పుడూ పలకలేదు.

"అచ్చం ఆయనే," అంది రౌషన్. "ఎన్నిసార్లు పిలిచినా ఉలకడు, పలకడు."

"సరే, మీరెవరూ నోరు మెదపక్కర్లేదు," అన్నాడు బెక్జాత్. "వీధి మలుపులో నేనే నా ఫోనులో బొత్తాం నొక్కుతాను." అని అప్పటికే వేళ మించిపోవడంతో కోటు తగిలించుకుని పరుగెత్తాడు. వెనక గేటు మెత్తగా మూసుకుంది. ఆ ఫోను వంటింటి కిటికీలో ఛార్జింగుకి పెట్టి ఉంది.

అది బస్టాండులో కూడా గుర్తుకు రాలేదు. నాన్న బుగ్గలు నీళ్ళ వైద్యానికి ఎర్రబడ్డాయి. పెదనాన్న ఓర్దాబెక్ చేతికర్ర ముందు దిగింది, తర్వాత ఆయన దిగాడు. ఆ వంశంలో ఏ విందుకి ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ తప్పుకి ఎవరు ఏ దండుగ కట్టాలో ఆయన ఎంతంటే అంత. దారిలో మంచు మొదలైంది. వీధి మలుపులో బెక్జాత్ ఎడమ జేబు తడిమాడు. కుడి జేబు తడిమాడు. గేటు ముందు కారాపి, దిగి, గంట నొక్కాడు.

"జాన్సాయా, నా ఫోను లోపలుండిపోయింది."

"చూశానండీ," అంది గేటు మీది స్పీకరు. "మీరు మలుపు తిరిగేటప్పుడే చూశాను. పిలుద్దామంటే ఫోనేమో ఇక్కడుంది."

"నాన్నా పెదనాన్నా వచ్చారు. ఆ ఒక్క మాట అనెయ్యి."

స్పీకరు టప్పున ఆగిపోయింది.

నాన్న గేటుని కింది నుంచి పైదాకా చూశాడు. "ఇది నా గేటేనా?"

"మీదే నాన్నా. ఇప్పుడు ఇంకా మంచిదైంది."

"మంచిదైతే తెరుచుకోదేం?"

"లోపల్నుంచి పేరు పెట్టి చెప్పాలి. బయటి గొంతు వినదు. దొంగల భయమని నేనే దగ్గరుండి అలా పెట్టించాను."

"ఏం పేరు?"

బెక్జాత్ చెప్పాడు. నాన్న టోపీ సర్దుకున్నాడు. ముందు ఆయన మొహంలో కొంచెం సంతోషం కనిపించింది. లోపల ఉన్నది ఎవరో గుర్తొచ్చాక అది పోయింది.

అత్తాకోడళ్ళిద్దరూ వాకిట్లోకి వచ్చి గేటుకి అవతల నిలబడ్డారు. నాన్న గేటుకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు. "ఏమే, ఒక్కసారి అనెయ్యి. ఎవరూ వినర్లే."

"నేను వింటున్నాను," అన్నాడు పెదనాన్న.

"నేననను," అంది రౌషన్ గేటుకి అవతల్నుంచి. "మీరు చలికి కొయ్యబారిపోయినా సరే. శాలువా కావాలంటే గోడ మీంచి విసురుతాను."

"శాలువా కాదు, ఫోను విసురు!" అన్నాడు బెక్జాత్. బుర్ర పనిచేసినందుకు తనని తనే మెచ్చుకున్నాడు. జాన్సాయా లోపలికి పరుగెత్తి ఫోను తెచ్చి, బలమంతా పెట్టి విసిరింది. బలం ఎక్కువైంది. ఫోను గోడ దాటింది, చాచిన బెక్జాత్ చేతులు దాటింది, కారు దాటింది, రోడ్డు పక్క కాలవలో మంచుపలకని పగలగొట్టుకుని లోపలికి వెళ్ళింది.

"అందిందాండీ?" అంది జాన్సాయా.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి విషయమేమిటని అడిగింది. తెలుసుకున్నాక, తానూ ఆ వంశం కోడలినేనని గుర్తు చేసి తల వెనక్కి తీసుకుంది. ఆ వీధి పొడుగునా మగవాళ్ళందరూ పనుల్లో ఉన్నారు, ఆడవాళ్ళందరూ కోడళ్ళే.

ఇక గోడ దూకడం ఒక్కటే మిగిలింది. బెక్జాత్ కారు మీదెక్కి గోడ అంచు పట్టుకున్నాడు. అక్కడ కంటికి కనబడని తీగ ఒకటి ఉందని అతనికి గుర్తుంది. అయినా ఆగదలుచుకోలేదు. ఒక కాలు వేశాడు. సైరన్ మోగింది. వాకిట్లో ఎర్ర దీపాలు గిర్రున తిరిగాయి. వీధిలో కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. షాపువాళ్ళు చెప్పినట్టే, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా కాపలా కంపెనీ బండి వచ్చి ఆగింది. ఈ ఒక్క సంగతిలోనైనా పెట్టిన ఖర్చు వృథా కాలేదని గోడ మీద నుంచే అనుకున్నాడు బెక్జాత్.

హెల్మెట్ పెట్టుకున్న బొద్దు గార్డు ఒకడు దిగాడు. "గోడ మీదాయన కిందికి దిగాలి. ఇల్లెవరిది?"

"నాది," అన్నాడు నాన్న.

"కార్డు చూపించండి."

"నా గేటు ముందు నిలబడి నేను కార్డు చూపించాలా? చూపించను!"

"అయితే లోపలున్నవాళ్ళు యజమాని పేరు చెప్పాలి. చెబితే వెళ్ళిపోతాం." గార్డు గేటు దగ్గరికి వెళ్ళి అరిచాడు. "లోపల ఎవరమ్మా? ఈ పెద్దాయన మీకు తెలుసా?"

"నా పిల్లల తండ్రి," అంది రౌషన్.

"పేరు?"

సైరన్ మోగుతూనే ఉంది.

"అమ్మా, నాకు తెలుసు. మా ఆవిడ కూడా నన్ను పేరు పెట్టి పిలవదు. కానీ రూలు రూలే." గార్డు నాన్న వైపు తిరిగాడు. "పదండి తాతా, బండెక్కండి. ఈమధ్య పెద్దమనుషుల్లా టోపీలు పెట్టుకుని ఇళ్ళు దోచేవాళ్ళు ఎక్కువైపోయారు."

గేటు అవతల ఏదో దబ్బున పడింది. అది రౌషన్ చేతిలోని శాలువాల మూట.

"ఎవడ్రా ఆ కూత కూసింది?" అందావిడ. సైరన్ మోతలోనూ ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "దోచేవాడా? ఈ గోడలో ప్రతి ఇటుకా చేత్తో పేర్చినవాడు దొంగా? పేరు కావాలా నీకు? రాసుకో! సెయిత్ కొడుకు, ఓర్దాబెక్ తమ్ముడు, తెమిర్‌ఖాన్!"

ఒక్క ఊపిరిలో మావగారి పేరు, బావగారి పేరు, మొగుడి పేరు. పెదనాన్న చేతికర్ర మంచులో పడిపోయింది.

"చెప్పండి, వింటున్నాను," అంది ఇల్లు.

రౌషన్ ఒక్క క్షణం తటపటాయించింది. వచ్చిన మాట ఎలాగూ వెనక్కి పోదు. "ముందా మోత ఆపు. తర్వాత గేటు తెరువు."

మోత ఆగింది. ఇనుప గేటు మెత్తగా పక్కకి జరిగింది. దీపాలు వెలిగాయి, కర్టెన్లు తొలిగాయి, వంటింట్లో సమోవార్ బుసలు మొదలుపెట్టింది. అంతా బెక్జాత్ పొద్దున అనుకున్నట్టే జరిగింది. నాన్న నోరు తెరుచుకుని చూశాడు కూడా. అయితే ఆయన చూస్తున్నది దీపాలని కాదు. వాకిట్లో తలగుడ్డ అంచుతో మొహం కప్పుకుని నిలబడ్డ రౌషన్‌ని. ఆయన మీసాల మీద మంచు పేరుకుంటోంది, దులుపుకోవాలన్న ధ్యాస లేదు.

"మళ్ళీ ఒకసారి అనవే," అన్నాడు చిన్న గొంతుతో.

"సిగ్గు లేదూ? లోపలికి రండి."

పెదనాన్న టీ తాగకుండానే తీర్పు చెప్పాడు. "పలికింది ఆవిడ. పలికించింది వీడు. మూడు పేర్లకి మూడు గొర్రెలు." నాన్న బతిమాలి ఒక గొర్రెకి దించాడు. ఆ గొర్రెని బెక్జాత్ జీతం మీద అప్పటికప్పుడు తెప్పించారు. తిన్నవాళ్ళలో వీధివాళ్ళున్నారు, కాపలా గార్డున్నాడు. అతను రెండోసారి వడ్డించుకుంటూ, చాలా మంచి సైరనని మెచ్చుకున్నాడు. చేతులు కడుక్కున్నాక పెదనాన్న రెండో తీర్పు చెప్పాడు. "ఆడవాళ్ళ నోట మగవాడి పేరు పలికించే వస్తువు ఇంట్లో ఉండకూడదు. రేపు షాపుకి పంపించెయ్యి, తమ్ముడూ." నాన్న కాదనలేదు.

ఆదివారం పొద్దున బెక్జాత్ స్టూలెక్కి డబ్బాకి స్క్రూడ్రైవరు పెట్టాడు. ఇంత పట్టుదలగా తెచ్చినదాన్ని తన చేత్తోనే విప్పవలసి వచ్చింది. కిటికీ బయట వాకిట్లో మంచు అద్దంలా గడ్డకట్టి ఉంది.

"దిగు," అంది వెనకనుంచి రౌషన్.

"పెదనాన్న చెప్పాడు కదమ్మా."

"ఆయన దండుగ వేశాడా? వేశాడు. మనం కట్టామా? కట్టాం. ఆయనే కూచుని ఎముక మిగల్చకుండా తిన్నాడు. గొర్రెనిచ్చి కొనుక్కున్న పేరురా అది. కొనుక్కున్నదాన్ని వాడుకోకుండా పారేసే ఇల్లు కాదు మాది. దిగు కిందికి."

బెక్జాత్ దిగాడు. షాపు గడువు ఆ సాయంత్రంతో దాటిపోయింది. సోమవారం వచ్చిన దానియార్ తాళంచెవి ఇచ్చి, పేరు మార్చబోతే రౌషన్ టీ ఇచ్చి పంపించేసింది.

ఆ తర్వాత ఆ చలికాలమంతా అమ్మ మంచు మీద కాలు పెట్టలేదు. కుర్చీలో కూచునే గేటు తెరిపిస్తుంది, మూయిస్తుంది. అయితే జాన్సాయా మాత్రం తన పట్టు విడవలేదు. వంటింట్లో చీకటి పడితే గుమ్మం దగ్గరకొచ్చి, "అత్తయ్యా, కాస్త లైటు వెయ్యమని ఆయనతో చెప్పరూ?" అంటుంది. రౌషన్ తీరిగ్గా చెబుతుంది. బెక్జాత్ కొన్న బల్బులన్నీ ఇప్పుడు అమ్మ దయ మీద వెలుగుతున్నాయి.

మొదటి ఎండ కాసి మంచు కరగడం మొదలైన రోజున, పైకప్పు నుంచి ఒక చుక్క సరిగ్గా రౌషన్ టీ గిన్నెలో పడింది. ఆవిడ పైకి చూసింది.

"తెమిర్‌ఖాన్! పైకప్పు బాగుచెయ్యి."

"క్షమించండి, ఆ పని నాకు రాదు," అంది డబ్బా. అప్పటికి పెరట్లో నిచ్చెన గోడకి ఆని ఉంది, సగం మెట్ల మీద నాన్న టోపీ పైకి వెళుతోంది.