నల్లకోడి జలపాన విజయము

వినుడు! కాకులు సైతము నోళ్ళు తెరచు మే మాసమున, ఓపెన్‌కాస్టు గనుల ధూళిచే దశదిశలు ధూసరితములు కాగా, పేలుళ్ళకు కిటికీ రెక్కలు కంపించు గోదావరిఖని మహాపట్టణమున, కార్మికుల క్వార్టర్ల నడుమ, ఇరువదియారేండ్లు భూగర్భమును చీల్చి బొగ్గు పెకలించిన పోశం అను ప్రచండవీరుడు నివసించుచు, ఒక కోడికి నీళ్ళు పోయుట మరచెను.

ఆ కోడి ఆతని భార్య పూలమ్మది. చెల్లెలి పురుటికని మంథని పోవుచు ఆమె, "పొద్దుగాల గిన్నెల నీళ్ళు పొయ్యి. గింతే పని" అని చెప్పెను. బొగ్గుబాయిలోనికి దిగునపుడు తనకు రెండు సీసాల నీళ్ళు ఏనాడును మరువని ఆ ప్రాజ్ఞుడు ఈ పనిని రెండు దినములు మరచెను. మూడవనాడు నల్లకోడి రెక్కలు వాల్చి పక్కకు ఒరిగెను.

పశువుల దవాఖానలో డాక్టరు సూది వేసి, "బతుకుతది. నీళ్ళు, మెత్తటి తిండి నువ్వే కొంచెం కొంచెం పెట్టాలె" అనెను.

"కోడికి నీళ్ళు తాపుడు గూడ ఒక పనేనా సార్!" అని మన వీరుడు నవ్వెను. అంతలో, సాయంత్రపు బస్సుకు వచ్చుచున్నానని పూలమ్మ ఫోను చేసెను. నవ్వు ఆగెను.

ఇంటికి వచ్చి, బెల్లము, ఉప్పు కలిపిన జలమును సూదిలేని సిరంజిలో నింపి, కోడిని చంకనిడి, ఆతడు సింహనాదము చేసెను: "ఓసీ! బాయిల కప్పు కూలి పక్కన పడ్డా బెదరనోన్ని! బండలు పలగ్గొట్టిన చేతులివి! నీ ముక్కు తెరవవా? తాగు!"

బొటనవ్రేలి ఒక్క పోటుతో సిరంజి ఖాళీ అయ్యెను. సగము ఆతని మీసములను అభిషేకించెను. సగము ఊపిరిగొట్టమునకు అడ్డుపడగా కోడి గురకపెట్టి కన్నులు తేలవేసెను. బండలు పగులగొట్టిన ఆ హస్తములు దానిని తటాలున ఎత్తిపట్టెను. తల క్రిందికి వంచగా నీళ్ళు కారి, ఎట్టకేలకు దానికి ఊపిరి తిరిగెను.

గోడకవతల నుండి పొరుగింటి శోభ తొంగిచూచెను. "ఏంది పోశం బావా, కోడికి నీళ్ళు తాపుతున్నవా, బాయిల మోటరు నడుపుతున్నవా?"

"నాతోని అయితలేదు శోభా. జెర నువ్వు తాపు."

"నేనెందుకు? నువ్వే ఎండబెట్టినవు, నువ్వే తడుపు. ముక్కు పక్కన ఒక్క చుక్క పెట్టు. అదే మింగుతది. మింగినంకనే ఇంకోటి."

వీరుడు నేలకు దిగెను. తుండుగుడ్డలో చుట్టిన కోడిని ఒడిలో ఉంచుకొని ఒక్క చుక్క పెట్టెను. కోడి మింగెను. ఇంకొకటి. కాళ్ళు తిమ్మిరెక్కినను కదలలేదు. ఆ చిన్ని గొంతు కదలునపుడెల్ల తన గొంతును కదలుట ఆతడెరుగడు. రెండు దినములు అది ఉత్తగిన్నెను పొడిచి పొడిచి చూచియుండునని అప్పుడు తోచెను. ఆ బుద్ధికి అంత తోచుటకు ఇంత కాలము పట్టెను! పెరుగన్నము మెత్తగ పిసికి అరచేత పెట్టగా మాత్రము కోడి మొగము తిప్పుకొనెను.

అంతలో పూలమ్మ వచ్చెను. "ఏమైంది దానికి?"

ఎండదెబ్బ అను మాట ఆతని నాలుక చివరి వరకు వచ్చి నిలిచెను.

"నీళ్ళు పొయ్యలే. రెండు రోజులు మర్శిన" అనెను.

ఆమె సంచి దింపకయే గిన్నె వంక చూచెను. ఆ భీకర క్షణమున కోడి మెడ సాచి, ఆతని అరచేతిలోని మెతుకొకటి పొడిచి మింగెను.

"తిన్నది! చూసినవా, తిన్నది!" అని పోశం కాలనీ దద్దరిల్ల అరచెను.

"గొంతు తగ్గించు, అది బెదురుతది. ఇంకోటి పెట్టు" అని పూలమ్మ ప్రక్కన కూర్చుండెను.

ఇట్లు రెండు దినముల అపరాధమునకు ఒక్క మెతుకు పరిమాణమున విజయము లభించెను. జయీభవ పోశం, జయీభవ!